హాల్లో సెంటర్ స్పీకరుకు లిఫ్టు కట్టుకోవడం

సినిమాలో మాటలు దాదాపు అన్నీ ఒకే స్పీకరులోంచి వస్తాయి. తెర కింద మధ్యలో ఉండే సెంటర్ స్పీకరు అది. మిగతా స్పీకర్లు, సబ్‌వూఫర్ ఎంత మంచివైనా ఇది సరిగా పలక్కపోతే డైలాగు అర్థం కాదు. వాల్యూం పెంచుతాం, ఆ వెంటనే ఫైటు వచ్చి ఇల్లు అదురుతుంది, మళ్లీ రిమోట్ వెతుక్కుంటాం. చాలా ఇళ్లలో ఈ స్పీకరును టీవీ యూనిట్ కింది అరలోకి తోసేస్తారు. అరలో దాని చుట్టూ మిగిలిన ఖాళీ కూడా స్పీకరుతో పాటు మోగుతుంది, బొంగురు గొంతులు డబ్బాలోంచి వస్తున్నట్టు వినిపిస్తాయి. పైగా ధ్వని మోకాళ్ల ఎత్తులో వస్తుంది. సోఫాలో కూర్చున్నవాళ్ల చెవులేమో నేలకు 90 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి.

మాది హైదరాబాద్‌లో నిజాంపేట. అపార్ట్‌మెంట్ లిఫ్టుల సర్వీసింగ్ నా వృత్తి. మా ఇంట్లో సినిమాకంటూ వేరే గది లేదు. సాయంత్రం ప్రొజెక్టర్ తెర దిగేది హాల్లోనే, పగలంతా చుట్టాలూ పిల్లల చదువులూ బట్టల మడతలూ నడిచేదీ ఆ హాల్లోనే. స్పీకరును యూనిట్ పైన పెడితే ఇంటికొచ్చిన చంటిపిల్లల వేళ్లు సూటిగా కోన్ మధ్యనున్న బుడిపె మీదికే వెళ్తాయి. దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే పగలు యూనిట్‌లో ఉండి, సినిమా పెట్టినప్పుడు మూతతో సహా పైకి లేచే లిఫ్టు కట్టుకున్నాను. అది ఎలా కట్టాలో ఇక్కడ పూర్తిగా చెబుతున్నాను. నా కొలతలు మీకు సరిపోకపోవచ్చు, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

వృత్తి నేర్పిన ఒక మాట ముందే చెప్పాలి. ఏ లిఫ్టులోనైనా పైకి ఎత్తడం అన్నిటికంటే తేలిక పని, మోటారు ఉంటే చాలు. ఎక్కడ ఆగాలి, మధ్యలో ఏదైనా అడ్డం వస్తే ఏం జరగాలి, కరెంటు పోయి వస్తే ఏం జరగాలి అన్నవే అసలు పని. 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ తాను నిలబడ్డ లిఫ్టు తాడును జనం ముందే తెగ్గొట్టించుకున్నాడు. లిఫ్టు కాస్త జారి ఆగిపోయింది. జనం లిఫ్టును నమ్మడం మొదలైంది అలా ఆగినందుకే. మన లిఫ్టు మోసేది స్పీకరునే అయినా, అది ఉండేది పిల్లలు తిరిగే హాల్లో.

ముందు కొలతలు

సామాను కొనకముందే ఒక కాగితం మీద యూనిట్‌ను పక్క నుంచి కోసినట్టు గీసుకోండి. కిందికి దిగినప్పుడు ఒక బొమ్మ, పైకి లేచినప్పుడు ఒక బొమ్మ. రెండింటిలోనూ ప్రతి ఎత్తూ నేల నుంచి మిల్లీమీటర్లలో రాయాలి. కార్పెంటర్లు అంగుళాల్లో, సూతుల్లో మాట్లాడతారు. ఈ ఒక్క పనికి మాత్రం మిల్లీమీటర్ల టేపే వాడమని అడగండి.

నా స్పీకరు 520 మి.మీ. వెడల్పు, 180 ఎత్తు, 300 లోతు, 12 కిలోల బరువు. యూనిట్ ఎత్తు 500. అడుగు పలక 18, పైమూత 18 పోగా లోపల 464 మిగులుతుంది. తెర పూర్తిగా దిగినప్పుడు దాని కింది అంచు నేల నుంచి 840లో ఉంటుంది. అంటే లేచిన లిఫ్టు మొత్తం, మూతతో కలిపి, 800 దాటకూడదని పెట్టుకున్నాను. ఆ 40 మి.మీ. ఖాళీని తగ్గించకండి. ఫ్యాను గాలికి తెర ఊగుతుంది.

తర్వాత స్పీకరు వాలు. 300 మి.మీ. లేచాక నా స్పీకరు మధ్యభాగం 680 ఎత్తులో ఉంటుంది. చెవి 950లో ఉంది. తేడా 270. సోఫా 3.3 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి స్పీకరు ముఖం పైకి ఐదు డిగ్రీల లోపు వాలితే సరిగ్గా చెవికి గురి కుదురుతుంది. 300 లోతున్న స్పీకరుకు అది ముందు వైపు 24 మి.మీ. ఎత్తు పెట్టడంతో సమానం. ఈ 24ను ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి. కింద 10 మి.మీ. రబ్బరు ప్యాడ్, ముందు ఎత్తు 24, స్పీకరు 180, మూతకూ స్పీకరుకూ మధ్య ఖాళీ 10, మొత్తం 224. అంటే స్పీకరు కూర్చునే పలక పైభాగం మూత అడుగు నుంచి 224 కిందికి ఉండాలి. దిగినప్పుడు మూత అడుగు 482లో ఉంటుంది, కాబట్టి పలక 258లో ఉంటుంది. లేచినప్పుడు పలక 558, మూత పైభాగం 800. కాగితం మీద కుదిరితే చెక్కలోనూ కుదురుతుంది.

యూనిట్ లోతు ఎంత కావాలంటే, వెనక పలక 18, లిఫ్టు జారే రైళ్లూ (పట్టాలు), వాటి మీది బ్లాకులూ 45, కదిలే పలక 18, స్పీకరు 300, ముందు ఖాళీ 20, ముందు పలక 18. మొత్తం 419. వైర్లకు చోటుండాలి కాబట్టి 450 చేయించండి.

బరువు లెక్క

18 మి.మీ. ప్లైవుడ్ చదరపు అడుగుకు సుమారు 1.1 కిలో తూగుతుంది. కదిలే చెక్క ఐదుంపావు కిలోలు, మూత రెండున్నర, ఇనుప సామాను ఒకటిన్నర, స్పీకరు 12. మొత్తం 21 కిలోల పైచిలుకు. 9.8తో గుణిస్తే సుమారు 210 న్యూటన్లు. నేను 500 న్యూటన్ల యాక్చుయేటర్ తీసుకున్నాను. షాపులో 1500 న్యూటన్లది చూపించి ఇది ఇంకా బలమైనదండీ అంటారు. వద్దనండి. అంత బలం స్పీకరుకు అక్కర్లేదు, మధ్యలో ఏదైనా ఇరుక్కుంటే మాత్రం ఆ బలమంతా దాని మీద పడుతుంది. అదే మోటారుతో బలం పెరిగితే వేగం తగ్గుతుంది కూడా. లెక్కకు రెండు, రెండున్నర రెట్లు చాలు.

లీనియర్ యాక్చుయేటర్ అంటే మోటారు తిప్పే మరతో ముందుకూ వెనక్కూ కదిలే కడ్డీ. ఆస్పత్రి మంచం తలవైపు ఎత్తేదీ, కరెంటు రిక్లైనర్ సోఫాను వాల్చేదీ ఇదే. కొనేటప్పుడు నాలుగు అడగాలి. పని చేసేది 12 వోల్టుల డీసీతోనా? కడ్డీ ఎంత దూరం కదులుతుంది, మన లెక్కకు 300 మి.మీ. కావాలి. కడ్డీ చివరకు రాగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్‌లు లోపల ఉన్నాయా? కరెంటు లేనప్పుడు బరువుకు కిందికి జారకుండా నిలుస్తుందా? మొత్తం ముడుచుకున్నప్పుడు కింది రంధ్రం నుంచి పై రంధ్రం దాకా ఎంతుందో టేపు పెట్టి కొలవండి. కదిలే దూరం కంటే 100కు పైనే ఎక్కువ ఉంటుంది. నాది 405. అందుకే దాన్ని స్పీకరు కింద నిలబెట్టడానికి చోటు చాలదు, స్పీకరు వెనక నిలబెట్టాలి.

ఇంటికి తెచ్చాక ముందు బల్ల మీద పెట్టి బైకు బ్యాటరీతో నడిపి చూడండి. ఒక వైపు వైర్లు కలిపితే కడ్డీ బయటికొచ్చి చివర తనంతట తానే ఆగాలి. వైర్లు తారుమారు చేస్తే లోపలికెళ్లి ఆగాలి. ఈ రెండూ సరిగ్గా జరిగితేనే ముందుకు వెళ్లండి.

మాకు రిలేలు (కరెంటుతో పడే స్విచ్‌లు), ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును 12 వోల్టుల డీసీగా మార్చే పెట్టె), స్విచ్‌లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. రైళ్లు, బేరింగులు, నట్టు బోల్టులకు రాణిగంజ్ వెళ్తాను. స్పీకరు బరువూ పెట్టె కొలతలూ రాసిన కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి.

బండి, రైళ్లు

కదిలే భాగం ఎల్ ఆకారంలో ఉంటుంది. వెనక నిలువు పలక 580 వెడల్పు, 440 ఎత్తు. దానికి ముందుకు అడ్డంగా స్పీకరు కూర్చునే పలక. దీన్ని ఇకమీదట బండి అంటాను. ప్లై 710 గ్రేడుదైతే మంచిది. తేమకు ఉబ్బని ప్లై కావాలి, రైళ్ల మధ్య చెక్క ఒక మిల్లీమీటరు ఉబ్బినా బండి బిగుస్తుంది. స్పీకరు బరువంతా గాల్లో ముందుకు వేలాడుతుంది కాబట్టి ఎల్ మూలలో కింది వైపు రెండు త్రికోణపు ముక్కలు ఫెవికాల్‌తోనూ స్క్రూలతోనూ కూడా బిగించండి. మూలమట్టం పెట్టి చూస్తే 90 డిగ్రీలు పక్కాగా రావాలి.

రైళ్ల దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి డ్రాయర్లకు వాడే టెలిస్కోపిక్ ఛానళ్లు. చవక, ఎక్కడైనా దొరుకుతాయి. వీటిని వాడితే బండికి రెండు పక్కలా నిలువు చెక్కలు కట్టి, ఛానళ్లను ఆ పక్క ముఖాలకే బిగించాలి, డ్రాయర్‌కు ఎలా ఉంటాయో అలా. వెనక పలకకు బల్లపరుపుగా బిగిస్తే ముందుకు లాగే బరువు ఛానల్‌కు బలహీనమైన దిశలో పడి వంగుతుంది. నిలువుగా వాడినప్పుడు లోపలి గోళీల పట్టీ నెమ్మదిగా కిందికి జారడం కూడా ఉంటుంది. చిన్న తేలికపాటి స్పీకరుకు ఇవి చాలు.

రెండో దారి, నేను ఎంచుకున్నది, ఎస్‌బీఆర్ 16 లీనియర్ రైళ్లు. కింద అల్యూమినియం దిమ్మె ఉన్న 16 మి.మీ. ఉక్కు కడ్డీ, దాని మీద జారే బేరింగ్ బ్లాకులు. ఖర్చు ఎక్కువే. అయినా స్పీకరు మోగుతుంటే ఛానల్‌లోని గోళీలు బేస్‌కు గలగలమంటాయి, అది డైలాగుతో కలిసి వినిపిస్తుంది. ఈ బ్లాకుల్లో ఆ వదులు చాలా తక్కువ. 450 మి.మీ. రైళ్లు రెండు, ఒక్కో దానికి రెండు బ్లాకులు తీసుకోండి. బ్లాకుల మధ్య దూరం 100 పెట్టి, నాలుగింటినీ బండి వెనక పలక అడుగు భాగంలో బిగించాలి. అప్పుడే 300 లేచాక కూడా నాలుగు బ్లాకులూ రైలు మీదే ఉంటాయి.

రెండు రైళ్లూ సమాంతరంగా ఉండటం మీదే ఈ లిఫ్టు నడక అంతా ఆధారపడింది. ఇక్కడ గంట ఎక్కువ పట్టినా పట్టనివ్వండి. యూనిట్ వెనక పలకకు మొదటి రైలును తూకపు గుండు పెట్టి నిలువు చూసి గట్టిగా బిగించండి. రెండోదాన్ని స్క్రూలు కాస్త వదులుగా ఉంచి పెట్టండి. బండిని రెండింటికీ ఎక్కించి చేత్తో అడుగు దాకా దింపి రెండో రైలు కింది స్క్రూ బిగించండి. పైదాకా లేపి పై స్క్రూ బిగించండి. మధ్యలోవి చివర. బండే రైలుకు దాని చోటు చూపిస్తుంది. అయ్యాక వేలితో పైకి లేపి వదిలితే బండి ఎక్కడా పట్టుకోకుండా తన బరువుకే మెత్తగా దిగాలి. ఇది తప్పనిసరి, ఎందుకో కింద తెలుస్తుంది.

యాక్చుయేటర్ సరిగ్గా రెండు రైళ్ల మధ్యలో ఉండాలి. పక్కకు జరిగితే ఒక వైపే నెట్టి బండి ఓరగా బిగుస్తుంది. మోటారు ఉబ్బు పక్కకు తిరిగి ఉండేలా పెడితే వెనక ఖాళీలో పడుతుంది, చాలకపోతే బ్లాకుల కింద ప్లై ముక్కలు వేసి ఖాళీ పెంచుకోండి. యాక్చుయేటర్ కింది కన్ను (కొసన ఉన్న రంధ్రం) యూనిట్ అడుగు పలకకు, పై కన్ను బండి వెనక పలక పై అంచు దగ్గరకు.

చెయ్యి ఇరుక్కుంటే

పై కన్నుకు గుండ్రటి రంధ్రమున్న బ్రాకెట్ పెట్టకండి. 5 మి.మీ. ఇనుప పట్టీలో రంధ్రాన్ని ఆకురాయితో నిలువుగా 5 మి.మీ. సాగదీయండి. పైకి వెళ్తున్నప్పుడు యాక్చుయేటర్ పిన్ను ఆ గాడి పై అంచును నెడుతుంది. కిందికి వెళ్తున్నప్పుడు యాక్చుయేటర్ బండిని లాగదు, కడ్డీ తప్పుకుంటూ పోతుంటే బండి తన బరువుతో దాని వెంట దిగుతుంది. మధ్యలో చెయ్యో బొమ్మో అడ్డం పడి బండి ఆగిందనుకోండి, కడ్డీ మాత్రం దిగుతుంది, పిన్ను గాడిలో 5 మి.మీ. కిందికి జారుతుంది. ఆ జారుడును పట్టుకోవడానికి గాడి పక్కన ఒక మైక్రోస్విచ్ బిగించండి. పిన్ను పై అంచును తాకి ఉన్నంతసేపూ స్విచ్ నొక్కి ఉండాలి, జారగానే వదలాలి. స్విచ్ వదిలితే మోటారు ఆగాలి. అడ్డం తీసేస్తే బండి ఆ 5 మి.మీ. దిగి మళ్లీ పిన్ను మీద కూర్చుంటుంది. గాడి పై అంచుకు పలచని రబ్బరు అతికిస్తే ఆ చప్పుడూ రాదు.

బండి మెత్తగా దిగాలని అంత గట్టిగా చెప్పింది ఇందుకే. రైళ్లు బిగుసుగా ఉంటే బండి కడ్డీ వెంట రాదు, స్విచ్ ఊరికే మాటిమాటికీ ఆపేస్తుంది. అలా జరిగితే స్విచ్‌ను తిట్టుకోకుండా రైళ్లు మళ్లీ సరిచూడండి. బండి అడుగుకు చేరినప్పుడు నేల పలకను తాకకూడదు, యాక్చుయేటర్ లిమిటే దాన్ని ఆపాలి. తాకితే పిన్ను జారి స్విచ్ అక్కడా వదిలేస్తుంది.

మూతను ఎక్కడా స్క్రూ చేయకండి. బండి నాలుగు మూలల్లో నాలుగు కడ్డీలు నిలబెట్టి, వాటి తలలకు రబ్బరు టోపీలు తొడిగి, మూతను వాటి మీద ఊరికే ఆనించండి. మూత అడుగున కడ్డీ తలలు కూర్చునేలా నాలుగు లోతులేని గుంటలు చాలు. మూత చుట్టూ 3 మి.మీ. సందు వదిలి, కింది అంచును కాస్త ఏటవాలుగా చిత్రిక పడితే దానంతటదే చోట్లో పడుతుంది. దిగేటప్పుడు మూత కింద ఎవరైనా వేలు పెడితే వేలు మీద పడేది మూత బరువు రెండున్నర కిలోలే, బండి కిందికి వెళ్లిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. మోటారు పాడై స్పీకరు లోపల ఉండిపోతే, మైకా మీద గాజు పనివాళ్ల సక్షన్ కప్పు పెట్టి మూత ఎత్తి స్పీకరు తీసుకోవచ్చు.

బండి పలకకు ముందూ రెండు పక్కలా 80 మి.మీ. పట్టీలు కిందికి వేలాడేలా కొట్టండి. లిఫ్టు లేచినప్పుడు పలకకూ యూనిట్‌కూ మధ్య వచ్చే సందును అవి కప్పేస్తాయి. నల్ల రంగు వేస్తే చీకట్లో కనబడవు.

కరెంటు పని

230 వోల్టుల వైపు ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టులు, 10 ఆంపియర్లు. దాని ఎర్త్ స్క్రూకు ఎర్త్ వైరు తప్పకుండా వెళ్లాలి. డీసీ వైపు ఎస్‌ఎంపీఎస్ పక్కనే 5 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి 1.5 చదరపు మి.మీ. వైరు.

నా ఏర్పాటులో కంప్యూటరు చిప్పు ఏదీ లేదు. రెండు రిలేలు, రెండు బటన్లు, ఆ మైక్రోస్విచ్, అంతే. పదేళ్ల తర్వాత ఏ ఎలక్ట్రీషియన్ వచ్చినా చూసి అర్థం చేసుకోగలగాలని అలా కోరి చేశాను.

మొదటి రిలే దిశ కోసం. 12 వోల్టుల కాయిల్, రెండు జతల కాంటాక్టులు ఉన్నది. రెండు కామన్‌లకు యాక్చుయేటర్ రెండు వైర్లు. మొదటి జతలో మామూలుగా కలిసి ఉండే కాంటాక్టుకు మైనస్, రెండో దానికి ప్లస్. రెండో జతలో సరిగ్గా దీనికి తారుమారు. కాయిల్‌కు కరెంటు వస్తే లిఫ్టు పైకి, పోతే కిందికి. చివర్లలో ఆపే పని యాక్చుయేటర్ లోపలి లిమిట్ స్విచ్‌లే చూసుకుంటాయి. ఈ కాయిల్‌కు కరెంటు, స్పీకర్లన్నిటినీ నడిపే ఏవీ రిసీవర్ ఇస్తుంది. చాలా రిసీవర్ల వెనక 12 వోల్టుల ట్రిగ్గర్ సాకెట్ ఉంటుంది, రిసీవర్ ఆన్ కాగానే అందులో 12 వోల్టులు వస్తాయి. అది ఎన్ని మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలదో మాన్యువల్‌లో చూసి, రిలే కాయిల్ అంతకంటే తక్కువ తీసుకునేలా చూడండి. ట్రిగ్గర్ లేని రిసీవరైతే గోడకు ఒక మామూలు స్విచ్ పెట్టుకోండి, దాంట్లో తక్కువేమీ లేదు.

రెండో రిలే కాపలా కోసం. బోరు మోటారు స్టార్టర్‌లో ఉండే ఆకుపచ్చ, ఎర్ర బటన్ల సర్క్యూటే ఇది. ఆకుపచ్చది నొక్కితే రిలే పట్టుకుంటుంది, తన కాంటాక్టు ద్వారా తన కాయిల్‌కే కరెంటు ఇచ్చుకుంటూ నిలుస్తుంది. దాని రెండో కాంటాక్టు ద్వారానే మొదటి రిలేకు, అక్కడి నుంచి మోటారుకు ప్లస్ వెళ్తుంది. ఈ కాయిల్ వైరులో ఎర్ర బటన్, మన మైక్రోస్విచ్ వరసగా ఉంటాయి. ఎర్ర బటన్ నొక్కినా, మైక్రోస్విచ్ వదిలినా రిలే పడిపోతుంది, మోటారు అక్కడే ఆగుతుంది.

ఇది లేకపోతే కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందో ఆలోచించండి. సినిమా మధ్యలో కరెంటు పోయింది, లిఫ్టు లేచే ఉంది. చీకట్లో పిల్లవాడు దాని దగ్గరకు వెళ్లాడు. కరెంటు వచ్చింది, రిసీవర్ స్టాండ్‌బైలో ఉంది కాబట్టి ట్రిగ్గర్ లేదు, లిఫ్టు ఎవరూ చెప్పకుండానే దిగడం మొదలుపెడుతుంది. కాపలా రిలే ఉంటే కరెంటు పోగానే అది పడిపోతుంది, వచ్చాక పెద్దవాళ్లెవరైనా చూసి ఆకుపచ్చ బటన్ నొక్కితేగానీ ఏదీ కదలదు. అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో కరెంటు పోతే ఏఆర్‌డీ అనే పరికరం బ్యాటరీతో దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరుస్తుంది, ఎందుకంటే లోపల మనుషులుంటారు. ఇక్కడ లోపల ఎవరూ ఉండరు, బయట ఉంటారు. కాబట్టి ఉన్నచోటే ఆగిపోవడం మంచిది.

ఎర్ర బటన్ పుట్టగొడుగు తల ఉన్నది, నొక్కితే అలాగే ఉండి తిప్పితేనే వదిలే రకం కొనండి. సంక్రాంతికి మా ఆవిడ ఈ యూనిట్ మీదే బొమ్మల కొలువు పెడుతుంది. పండగ మూడు రోజులూ ఆ బటన్ నొక్కి ఉంచితే ఎవరు రిసీవర్ ఆన్ చేసినా బొమ్మలకు ఏమీ కాదు.

రెండు రిలేల కాయిళ్లకూ అడ్డంగా 1ఎన్4007 డయోడ్ పెట్టండి, గీత ఉన్న వైపు ప్లస్‌కు. రిలే మీద ఏసీ ఆంపియర్లు కాకుండా డీసీ ఆంపియర్లు ఎంత రాశారో చూసి కొనండి.

స్పీకరు వైరు 2.5 చదరపు మి.మీ. మెత్తని మల్టీస్ట్రాండ్ చాలు. బండితో పాటు కదిలే వైర్లన్నీ ప్లాస్టిక్ కేబుల్ చైన్‌లో వేయండి. చైన్ కదలని కొసను మొత్తం ప్రయాణంలో సగం ఎత్తున బిగిస్తే చైన్ పొడవు తక్కువ పడుతుంది, వైరు ఎక్కడా సాగదు.

బియ్యం బస్తా పరీక్ష

స్పీకరు ఎక్కించే ముందు దాని చోట 25 కిలోల బియ్యం బస్తా పెట్టండి. నా స్పీకరు బరువుకు అది రెట్టింపు. పైకి లేపి, ఎస్‌ఎంపీఎస్ ఆపేసి, పలక ఎత్తు గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున గుర్తు దగ్గరే ఉండాలి. జారితే ఆ యాక్చుయేటర్ వద్దు. తర్వాత దిగుతుండగా బండి కింద ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి మైక్రోస్విచ్ ఆపుతుందో లేదో వేర్వేరు ఎత్తుల్లో చూడండి. చేతితో కాదు, చెక్కతోనే. ఈ పరీక్షలు వరసబెట్టి చేయకండి. ఇలాంటి మోటార్లు చాలావరకు పది శాతం డ్యూటీవి, అంటే రెండు నిమిషాలు నడిస్తే పద్దెనిమిది నిమిషాలు చల్లారాలి.

స్పీకరు పెట్టాక

కింద రబ్బరు ప్యాడ్లు, ముందు 24 మి.మీ. ఎత్తు, వెనక జారకుండా ఒక చిన్న అడ్డు కర్ర. మూత అడుగున, పలక మీద నల్ల ఫెల్టు అతికించండి. వాటికి తగిలి వెనక్కి వచ్చే ధ్వని తగ్గుతుంది, మూత కూడా మోగదు.

ఇక గలగలల వేట. ఫోనులో టోన్ జనరేటర్ యాప్ పెట్టి రిసీవర్‌కు కలిపి, సెంటర్ స్పీకరు ఒక్కదానికే 60 నుంచి 300 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ వెళ్లండి. ఒక్కో చోట ఒక్కో వస్తువు పలుకుతుంది. కేబుల్ చైన్, వదులు వాషరు, మూత మూల, యూనిట్ తలుపు కబ్జా. పలికిన చోట వేలు పెట్టి ఆపితే తెలిసిపోతుంది, అక్కడ ఫెల్టో రబ్బరో పడాలి. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్న రాత్రిపూట చేయండి. ఓపిగ్గా చేస్తే లిఫ్టు మీదున్న స్పీకరు రాతి దిమ్మె మీదున్నట్టే పలుకుతుంది.

చివరగా రిసీవర్ మైకు పెట్టి చేసే రూమ్ కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి, లిఫ్టు పైకి లేచి ఉండగా, తెర దిగి ఉండగా. సెంటర్ స్పీకరు క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెడితే లోతైన బేస్ సబ్‌వూఫర్‌కు వెళ్లిపోయి లిఫ్టు చెక్కకు అదురు తగ్గుతుంది. అది అయ్యాక బాగా తెలిసిన పాత సినిమా ఒకటి, గుసగుసగా మాట్లాడుకునే సీను పెట్టుకుని వినండి. మా అమ్మకు వినికిడి కాస్త తక్కువ. ఇప్పుడు వాల్యూం పెంచమని అడగకుండానే సినిమా మొత్తం చూస్తుంది.

తర్వాత పని ఎక్కువ ఉండదు. దుమ్ము తుడిచి రైళ్ల మీద సన్నని మెషిన్ ఆయిల్ రెండు చుక్కలు గుడ్డతో రాయండి, గ్రీజు పూస్తే దుమ్ము పట్టి ముద్దవుతుంది. ఆరు నెలలకోసారి యాక్చుయేటర్ రెండు పిన్నులూ బ్లాకుల స్క్రూలూ బిగుతు చూడండి, చెక్క ముక్క పెట్టి మైక్రోస్విచ్‌ను పరీక్షించండి. స్విచ్ వదిలినా మోటారు ఆగకపోతే, అది బాగయ్యేదాకా ఎర్ర బటన్ నొక్కి ఉంచండి.